అక్క ఫోనుకు వెళ్ళిన ఆరంకెలు

బ్యాకప్ మాస్టారి అసలు పేరు ఆయన భార్యకూ, బ్యాంకువాళ్ళకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. కంప్యూటర్‌లో చేసిన పని పోగొట్టుకోకుండా ఎలా దాచుకోవాలో ఆఫీసులకూ కాలేజీలకూ వెళ్ళి ఉపన్యాసాలివ్వడం ఆయన వృత్తి. చెప్పడంలో మహా దిట్ట. "మూడు కాపీలుండాలి. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి విడిగా హార్డ్ డిస్క్‌లో, ఒకటి ఇంటికి దూరంగా క్లౌడ్‌లో. ఇంత చెప్పాక కూడా పోగొట్టుకుని నా దగ్గరికొచ్చి ఏడిస్తే నేను ఓదార్చను" అని ఆయన గొంతు పెంచేసరికి, ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు బెదిరిపోయి ఉన్నపళాన ఏదో ఒకటి సేవ్ చేసేసేవాళ్ళు.

ఆ శనివారం ఉదయం మాస్టారి కాఫీ ఒలికింది.

కాఫీ ఎవరి ఇంట్లోనైనా ఒలుకుతుంది, అందులో వింతేమీ లేదు. కానీ ఆయన హార్డ్ డిస్క్ నలుచదరంగా, నున్నగా, కప్పు పెట్టుకోవడానికి కొలిచి చేసినట్టుండేది. కనుక చాలాకాలంగా ఆయన దాన్ని ఆ పనికే వాడుతున్నారు. మోచెయ్యి తగలగానే సగం కాఫీ డిస్కులోకీ, తక్కిన సగం ల్యాప్‌టాప్ కీబోర్డులోకీ దిగింది. తెర ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. మాస్టారు తువ్వాలుతో తుడిచారు, తలకిందులుగా ఆరబెట్టారు, భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి ఊదారు. డిస్కు ఉలకలేదు, ల్యాప్‌టాప్ పలకలేదు.

బడిలో లెక్కలు చెప్పే ఆయన భార్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "రెండు కాపీలూ ఒకే కప్పుకింద పెట్టమని ఏ ఉపన్యాసంలో చెప్పారండీ?" అంది.

"మూడోది ఉంది" అన్నారు మాస్టారు, పరువు కూడదీసుకుని.

పోయింది మామూలు ఫైలు కాదు, ఆయన రెండేళ్ళ కష్టం. 'పోయాక ఏడవకండి' అనే పుస్తకం. ఈ సాయంత్రంలోగా మొత్తం పంపకపోతే ఆ స్థానంలో మరొకరి వంటల పుస్తకం అచ్చుకు వెళ్ళిపోతుందనీ, ఇంకోసారి గడువు అడిగే ముఖం పెట్టుకుని తన దగ్గరికి రావొద్దనీ ప్రచురణకర్త ఖరాఖండిగా చెప్పేసింది. ఆవిడ అప్పటికి మూడుసార్లు గడువు పెంచింది మరి.

భార్య పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మాస్టారు తన క్లౌడ్ ఖాతా తెరిచారు. పాస్‌వర్డ్ కొట్టారు. అది ఒప్పుకోలేదు. ఈ కంప్యూటర్ తనకు కొత్తనీ, అడుగుతున్నది నిజంగా ఆయనేనని నమ్మకం కలగాలనీ, అందుకోసం అరవైమూడుతో ముగిసే నంబరుకు ఆరంకెల కోడ్ పంపాననీ చెప్పింది. మాస్టారి ఫోన్ నంబరు అరవైమూడుతో ముగియదు. అలా ముగిసే నంబరు ఆయనకు తెలిసింది ఒక్కటే. అది అక్కది.

అక్క మందుల దుకాణం నడుపుతుంది. రెండేళ్ళ కిందట ఒకరోజు తన ఫోన్ మరీ నత్తనడక నడుస్తోందని తమ్ముడితో అంది. "ఇటివ్వు, నేను చూసుకుంటా" అని మాస్టారు దుకాణంలోనే కూర్చుని దాన్ని శుభ్రం చేసేశారు. ఆ రోజు ఆయన ఫోనులో చార్జింగ్ లేదు. మధ్యలో ఏదో నంబరు అడిగితే చేతిలో ఉన్న అక్క నంబరే కొట్టేశారు. అన్నీ క్లౌడ్‌కు ఎక్కేశాయిలే అని ఫోన్ మొత్తం ఖాళీ చేసి చేతిలో పెట్టారు. ఫోన్ పరుగెత్తింది, నిజమే. కానీ అందులో అమ్మ గొంతు లేదు. అమ్మకు టైపు చెయ్యడం రాదు, ఏది చెప్పాలన్నా మాట రికార్డు చేసి పంపేది. అమ్మ పోయాక అక్కకు మిగిలింది ఆ మాటలే. అక్క ఖాతాలో ఎంత వెతికినా అవి దొరకలేదు. అప్పుడు మాస్టారు తప్పయిందని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. గొప్పవాళ్ళు తప్పయిందంటారా? నలుగురు కొనుగోలుదారుల ముందు, "వాడటం చేతకాకపోతే ఇలాగే అవుతుంది, నువ్వే ఏదో నొక్కి ఉంటావు" అన్నారు. అక్క మాట్లాడటం మానేసింది. మాస్టారు పుస్తకం మొదలుపెట్టారు. అందులో మొదటి అధ్యాయం 'ఒక అజాగ్రత్త మనిషి కథ'. అది తల్లి గొంతు పోగొట్టుకున్న ఒక మందుల దుకాణం ఆవిడ గురించి.

"ఫోన్ చెయ్యండి" అంది భార్య.

"నువ్వు చెయ్యి. నువ్వయితే బాగుంటుంది."

"నేనెందుకు చేస్తాను? మాట్లాడనిది మీరు. మేం వారం వారం మాట్లాడుకుంటూనే ఉన్నాం" అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ ముచ్చట వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

రెండో రింగుకే అక్క ఎత్తింది. "ఎవరు?"

"నేనే అక్కా."

"నేనే అంటే?"

"తమ్ముణ్ణి."

"ఊఁ. చెప్పండి."

ఆ 'అండి'కి మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అయినా పుస్తకం గుర్తుతెచ్చుకుని తమాయించుకున్నారు. "నీ ఫోనుకు ఇప్పుడే ఏదో కోడ్ వచ్చి ఉంటుంది. ఆరంకెలు. కాస్త చదివి పెడతావా?"

"వచ్చింది. కింద ఇంకో ముక్క కూడా ఉంది. ఎవరికీ చెప్పకండి అని."

"అది అందరికీ అలాగే రాస్తారక్కా."

"అలాగా. మరి మా తమ్ముడు వేరేలా చెప్పాడే. కోడ్ ఎవరడిగినా ఇవ్వకు, సొంత తమ్ముణ్ణని చెప్పినా నమ్మకు, గొంతులు కూడా మార్చేస్తున్నారని ఇదే దుకాణంలో గంటసేపు పాఠం చెప్పాడు. వాడికి ఇందులో చాలా పేరు."

భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, అది కాసేపే పనిచేస్తుంది. గడువు తీరిపోతుంది."

"గడువు సంగతి నాకు చెప్పకండి, పొద్దస్తమానం నేను చూసేది అదే. ఉండండి, ఒకాయన దగ్గు మందు అడుగుతున్నాడు." ఫోనులోంచి డబ్బాలు కదిలిన చప్పుడు, చిల్లర చప్పుడు, దగ్గు చప్పుడు వరుసగా వినిపించాయి. అక్క తిరిగొచ్చేసరికి గడువు తీరింది. మాస్టారు ఇంకో కోడ్ పంపించారు.

"ఇంకోటొచ్చింది" అంది అక్క. "మీరు మా తమ్ముడే అయితే, వాడికి మాత్రమే తెలిసిన మాటొకటి చెప్పండి."

"చిన్నప్పుడు నువ్వు సైకిల్ నేర్పుతూ మధ్యలో వదిలేశావు. కాలువలో పడ్డాను. గడ్డం కింద మచ్చ ఇప్పటికీ ఉంది."

"అది వీధి వీధంతా చూసింది."

"నువ్వు పరీక్ష తప్పిన సంగతి నాన్నకు చెప్పకుండా దాచాను."

"చెప్పేశాడు మా తమ్ముడు. వీపు విమానం మోత మోగింది నాకు."

మాస్టారు భార్యవైపు చూశారు. ఆమె ఏమీ సాయం చెయ్యలేదు. ఉపన్యాసాల్లో ఎన్నడూ తడబడని ఆ నోటికి ఇప్పుడు ఒక్క వాక్యం తిన్నగా రావడం లేదు.

"ఆ రోజు నీ ఫోన్ ఖాళీ చేసింది నేనే" అన్నారు చివరికి. "ముందు చూసుకోవాల్సింది. చూసుకోలేదు. నువ్వేం నొక్కలేదు అక్కా. నాకది ఆ రోజే తెలుసు. తెలిసే నిన్నన్నాను."

అవతల గల్లాపెట్టె మూసిన చప్పుడైంది. దగ్గాయన వెళ్ళిపోయినట్టున్నాడు.

"మా తమ్ముడు ఇలా ఒప్పుకునే రకం కాదే" అంది అక్క. "నిజం చెప్పండి, ఎవరు మీరు?" తర్వాత గబగబా, "రాసుకో. ఏడు, సున్నా, రెండు, రెండు, తొమ్మిది, ఐదు" అంది.

ఖాతా తెరుచుకుంది.

మొట్టమొదట కనిపించింది ఎర్రటి గీత. చోటు నిండిపోయిందనీ, రెండేళ్ళుగా కొత్తగా ఏదీ దాచలేకపోయాననీ ఆ ఖాతా మొత్తుకుంటోంది. నిజానికి అది ఇంతకుముందు కూడా మొత్తుకుంది. కాఫీలో మునిగిన ల్యాప్‌టాప్ తెర మూలన పసుపుపచ్చ త్రికోణం ఒకటి పెట్టి రోజూ చెబుతూనే ఉంది. ఉపన్యాసాల్లో పెద్ద తెరమీద ఆ త్రికోణం కనిపిస్తే పరువు తక్కువగా ఉంటుందని మాస్టారే దాన్ని కనబడకుండా చేశారు. చోటు కొనుక్కోమని ఊరందరికీ చెప్పే మనిషి, తాను మాత్రం ఉచితంగా ఇచ్చిన కాస్త చోటుతోనే సరిపెట్టుకున్నారు. లోపల ఉన్నదేమిటో ఒక్కసారైనా తెరిచి చూడలేదు. 'పోయాక ఏడవకండి' అక్కడ ఒక్క పేజీ కూడా లేదు.

"ఏమైంది? దొరికిందా?" అంది అక్క.

మాస్టారు తెరమీదికి వంగారు. ఆ చోటు నింపిందేమిటో చూస్తున్నారు. ఫోటోలు. దుకాణం కొత్త బోర్డు ముందు అక్క. ఆసుపత్రి మంచంమీద నవ్వుతున్న అమ్మ. వాటి కింద చిన్నచిన్న రికార్డింగులు, చాంతాడంత వరుస. ఆ రోజు అక్క ఫోనులో ఆయన తెరిచింది అక్క ఖాతా కాదు, అలవాటుకొద్దీ తన ఖాతాయే. అన్నీ బుద్ధిగా ఇక్కడికి ఎక్కి కూర్చున్నాయి. ఆ తర్వాత ఆయన వెతికిందంతా అక్క ఖాతాలో.

ఆయన ఒకదాన్ని నొక్కి, ఫోన్ స్పీకరు దగ్గర పెట్టారు.

"ఏమే, తిన్నావా?" అంది అమ్మ. వెనక ఫ్యాను చప్పుడు. "తమ్ముడు మళ్ళీ ఫోనెత్తట్లేదు. ఏదో పెద్ద పనట. వాడి పనికి ఎప్పుడూ తీరికుండదు. నువ్వే ఓసారి చెయ్యి, వాడంతట వాడు చెయ్యడు. మొండివెధవ."

అవతల ఎవరో వచ్చి మాత్రలేవో అడిగారు. "కాసేపాగండి" అంది అక్క. "మళ్ళీ పెట్టు" అంది.

మాస్టారు మళ్ళీ పెట్టారు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు గానీ, తడి కళ్ళజోడుది కాదు. భార్య లేచి లోపలికి వెళ్ళి తన పెన్‌డ్రైవులు రెండు తెచ్చి బల్లమీద పెట్టింది.

"నీ పుస్తకమో? ఇవాళే పంపాలని మరదలు చెప్పింది" అంది అక్క.

"లేదు. మొత్తం పోయింది."

"అయ్యో." ఆ అయ్యోలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. మాస్టారికి అదే ఎక్కువ కష్టంగా అనిపించింది. "మరేం చేస్తావురా?"

"మళ్ళీ రాస్తాను. మొదటి అధ్యాయం మాత్రం వేరేగా రాయాలి." ఆ అధ్యాయం పోయినందుకు ఆయనకు ఏ దిగులూ లేదు, పైగా బతికిపోయాననిపించింది. అంతలో ప్రచురణకర్త ఫోన్ మధ్యలో దూరింది. ఆయన దాన్ని కట్ చేసి, అమ్మ మాటలన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకీ ఎక్కించారు. "అయిపోయిందక్కా. రెండు చోట్ల పెట్టాను. ఒకటి రేపు నేనే తెచ్చి నీకిస్తాను."

"తెరుచుకుంటున్నాయా?"

ఇన్నేళ్ళ ఉపన్యాసాల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు. "చూడలేదు" అన్నారు.

"అయితే చూడు. ఒక్కొక్కటీ చూడు. నేనూ వింటాను, షట్టర్ దించి వస్తానుండు."

షట్టర్ గరగరమని దిగిన చప్పుడు ఫోనులో వినిపించింది. మాస్టారు బల్లమీది కాఫీ కప్పు తీసి దూరంగా నేలమీద పెట్టి, మొదటిది తెరిచారు.