కారు కింది నీడ

నుదుటి చెమటను మోచేత్తో తుడుచుకుంటూ సుమిత్ర జాకెట్టుకు చేతులు అతుకుతోంది. పట్టుగుడ్డ మీద చెమటబొట్టు పడితే మరక పోదు. నిన్ననే ఒకామె గులాబిరంగు జాకెట్టు మొహాన కొట్టి పోయింది. ఎండాకాలం బోధన్‌లో రేకుల గది అంటే పొయ్యి మీది పెనమే. అందుకని తన కుట్టుకూలితో కొనుక్కున్న టేబుల్ ఫ్యాను ఇప్పుడు ముందరి గదిలో, మూత విప్పిన కంప్యూటర్ డబ్బాకు విసురుతోంది.

పొద్దంతా ఇంటి చాకిరీ పోను ఆమెకు కుట్టుకు దొరికేది మధ్యాహ్నమే. ఎండకు ఎరువుల దుకాణం మూసి భర్త ఆత్మారాం ఇంటికొచ్చేదీ అప్పుడే. నిజామాబాదు నుంచి పాత కంప్యూటర్ తెచ్చిన నాటి నుంచి అతనికి అందులోని కార్ల పందెం ఆటే లోకం. రోడ్డు తళతళలాడాలి, కారు కింద నీడ పడాలి, చెరువులో కొండలు కనబడాలి. ఇవన్నీ చూపించలేక ఆ డబ్బా వేడెక్కిపోయేది, కారు ఆగి ఆగి కదిలేది.

తన ఫ్యాను తిరిగి అడిగితే అత్త లింగవ్వ, "మనిషికేమైతది పిల్లా, జరంత చెమట వోస్తది. మిషిని కాలితే మల్ల యాడికెల్లి తెస్తం?" అంది. మనిషి కాలితే? ఆ మాట ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు. సుమిత్రకు తన మీదే ఎక్కువ కోపమొచ్చింది. పాలకూ కూరగాయలకూ ఈ జాకెట్ల డబ్బులే కదా.

మరునాడు పొద్దున భర్త పోయాక కంప్యూటర్ ముందు కూర్చుంది. అతనికి మంచినీళ్లందిస్తూ వెనక నిలబడి చూసిన మీటలే. ఆట సెట్టింగుల్లోకి పోయి కారు కింది నీడ తీసేసింది. నీటి మెరుపు తగ్గించింది. ఒక్కొక్కటి మార్చి, కారు నడిపి, జ్వరం చూసినట్లు డబ్బా మీద అరచెయ్యి పెట్టింది. చెట్లు కూడా తీసేస్తే రోడ్డు బోడిగా అయింది. పాపం, ఆ చెట్లు ఆమెకూ ఇష్టమే, మళ్లీ పెట్టింది. కారు ఆగకుండా ఉరికింది, డబ్బా గోరువెచ్చగానే ఉంది. ఫ్యాను తీసుకుని రేకుల గదిలోకి పోయింది.

మధ్యాహ్నం ఆత్మారాం కూర్చున్నాడు. "అరె, ఇయ్యాల మస్తు ఉరుకుతున్నది" అని మురిసిపోయాడు. పందెం గెలిచాకే అతని చూపు పక్కకు తిరిగింది.

"ఫ్యానేది? కారు కింద నీడేది?"

"నీడ నేనే తీసిన" అంది సుమిత్ర లోపలి నుంచే. "ఫ్యాను నా తాన ఉన్నది."

"నిన్నెవలు ముట్టుమన్నరు? నీడ లేకుంటే అదేం కారు? ఫ్యాను తే పో."

పెళ్లయిన నాటి నుంచి ఆ గొంతు వినగానే లేచి నిలబడటం అలవాటు. కాళ్లు లేవబోయాయి. వాటిని కుట్టుమిషన్ తొక్కుడు మీదే అదిమిపెట్టింది.

"నీడ లేకున్నా నీ కారు గెలిచింది. గాలి లేకుండ నేను ఇన్ని దినాలు కుట్టిన. ఇగ కుట్ట."