పన్నెండో రాకాసి గుడి

పెనిమిటి కట్టయ్య చనిపోయి ఏడాదయినా మొగిలమ్మకు ఏడుపు రాలేదు. తిన్నదా అంటే తిన్నది, పడుకున్నదా అంటే పడుకున్నది. లోపల మాత్రం మొద్దుబారిపోయింది.

ములుగు రోడ్డు పక్కన వాళ్ల చెలకలో పెద్ద పెద్ద బండలు గుండ్రంగా పేర్చిన పాత సమాధులున్నాయి. మనుషులు మోయగల బండలా అవి, రాకాసులే మోశారని ఊరు నమ్మింది. రాకాసి గుళ్లని పేరు పెట్టింది. అయినా పక్క చెలకల్లోని వాటిని కంకర చేసేటప్పుడు ఆ భయం ఎవరికీ అడ్డురాలేదు. కట్టయ్య మాత్రం నాగలిని వాటి చుట్టూ తిప్పుకొని పోయేవాడు.

ఇప్పుడు మరిది యాకయ్య పత్తి కోసం చెలక చదును చేయిస్తానని నర్సంపేటలో జేసీబీ మాట్లాడాడు. జేసీబీ కన్నా ఒకరోజు ముందు హన్మకొండ నుంచి స్రవంతి దిగింది. పాత సమాధుల మీద పరిశోధన చేసే పిల్ల, చేతిలో పురావస్తు ఆఫీసు కాగితం. తెల్లరంగుతో నంబరు వేసినదాన్ని ఎవరూ కదపరాదని, తాము కూడా రెండో నంబరుది ఒక్కటే తవ్వుతామని చెప్పింది. యాకయ్య ముఖం మాడిపోయింది.

పదకొండు గుళ్లకు నంబర్లు పడ్డాయి. గట్టు పొంటి చాటంత జాగలో చిన్నదొకటి మిగిలింది.

"ఇది మరీ చిన్నగున్నదమ్మా. పాతదేనా? ఎవరన్న ఈమధ్య పేర్చిన్రా?" అనడిగింది స్రవంతి.

ముప్పై ఏళ్ల కింద మొగిలమ్మ పురిటి బిడ్డ పంతొమ్మిదో నాడు పోయింది. ఇరవై ఒకటో నాడు పేరు పెట్టాల్సింది. నాగలి తగలని చోటని కట్టయ్య అక్కడ పూడ్చి, పెద్ద గుళ్లను చూసి చుట్టూ రాళ్లు పేర్చాడు. ఆ రాళ్లు మోసింది యాకయ్యే. నిజం చెబితే నంబరు పడదు. నంబరు లేకపోతే రేపు జేసీబీ. పాతదని చెప్పాలంటే ఊరందరి మాటే అనాలి. తన బిడ్డ జాగను ఆమె ఏనాడూ ఆ మాటతో పిలవలేదు.

"రాకాసిదే," అంది మొగిలమ్మ. "అది గూడ రాకాసి గుడే, బిడ్డా."

స్రవంతి నమ్మినట్టు లేదు. యాకయ్య వైపు తిరిగి, "అవునా కాకా?" అనడిగింది.

కాదంటే గట్టు పొంటి నాలుగు సాళ్లయినా అతనికి మిగిలేవి. యాకయ్య తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. వదినె ముఖం చూడలేదు.

"అవు మేడం. మా తాతలకాడి నుంచి ఉన్నదంటరు."

స్రవంతి కుంచె ముంచి 12 అని రాసింది.

ఆమె వెళ్లాక మొగిలమ్మ ఆ రాళ్ల పక్కన కూలబడింది. తడి అంకెను ముట్టుకుంటే రంగు వేలికి అంటింది.

"రాకాసి అన్న గద, ఏమనుకోకు బిడ్డా," అంది. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

గట్టు మీద నిలబడి యాకయ్య ఫోన్లో అంటున్నాడు: "ఇగ జేసీబీ అద్దు, అన్నా. మా చెలకల మావే పన్నెండు గుళ్లున్నయి."