మొసలికి చలి

రేవు పక్కన, సముద్రంలో మునిగి చూడాలని వచ్చేవాళ్ళకు సామాను అద్దెకిచ్చే దుకాణం ఉంది. దాని వెనకగదిలో రబ్బరు సూట్లు వరసగా వేలాడుతుంటాయి, మనుషులు లోపల్నుంచి జారిపోయినట్టు. వాటిని కడిగి, ఆరబెట్టి, చిరిగినచోట అతికించి కుట్టే పని చెల్లెమ్మది. ఆమెను పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఆమె అన్న అక్కడి గైడులందరికంటే పాతవాడు కనక, పడవ నడిపే సరంగు మొదలు యజమాని దాకా అందరికీ ఆమె చెల్లెమ్మే.

అన్నను మాత్రం మొసలి అంటారు. ఎంతసేపు నీళ్ళలో ఉన్నా వణికిన మనిషి కాడు. ఆ సముద్రం ఏడాది పొడుగునా గోరువెచ్చగానే ఉంటుంది. గైడులు మూడు మిల్లీమీటర్ల సూటుకు మించి తొడిగితే నామోషీ. ఐదు తొడిగినవాడికి సరంగు ‘దుప్పటి’ అని పేరు పెడతాడు. ఆ పేరు సీజనంతా వదలదు.

కొత్తవాళ్ళు ఎంత మందం తీసుకోవాలని అడిగితే చెల్లెమ్మ ఒకటే చెబుతుంది. "మూడు చాలండీ. కానీ ఒంటికి అతుక్కోవాలి. సూటు నీళ్ళని ఆపదు, కొంచెం రానిస్తుంది. ఆ కాసిని నీళ్ళనీ ఒళ్ళు వెచ్చబెట్టుకుంటుంది. వదులైతే వెచ్చనివి పోయి చల్లనివి వస్తూనే ఉంటాయి. అప్పుడు ఎంత మందమున్నా దండగే."

ఒక సాయంత్రం అన్న నీళ్ళోడుతూ వెనకగదిలోకి వచ్చాడు.

"చెల్లీ, ఒక ఐదు తీసిపెట్టు. కస్టమరుకి."

"ఏ కొలత?"

"నా అంతుంటాడు."

ఆమె తలెత్తి చూసింది. అతని పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. వీపు మీది జిప్పుకున్న పట్టీని వేళ్ళు పట్టుకోలేకపోతున్నాయి.

"ఆ కస్టమరుకి బట్టతల కూడా ఉందా?"

"నోరు ముయ్." నవ్వబోయాడు గాని పళ్ళు కొట్టుకుని నవ్వు సగంలో ఆగింది. "రోజుకు నాలుగుసార్లు దిగుతున్నాను కదే, అందుకే. ఆ సరంగుగాడికి తెలిస్తే ఇంకేమైనా ఉందా!"

అన్నకు చలి వెయ్యకూడదు, అన్న నవ్వులపాలు కాకూడదు. ఆమె అంతవరకే ఆలోచించింది. చిరిగి మూలన పడేసిన మందపు సూటు ఒకటి తీసి, దాని ఛాతీ ముక్క కత్తిరించి, అన్న మూడు మిల్లీమీటర్ల సూటు లోపల అతికించి కుట్టింది. పైకి పాత సూటే, లోపల దుప్పటి.

"ఇప్పుడిది ఎక్కువ తేలుతుంది. మునగాలంటే నడుముకు ఇంకొంచెం సీసం కట్టుకో," అంది.

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా?"

"సరంగు అడిగితే?"

"వయసు మీద పడి ఒళ్ళు తేలికైందంటాను."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ అరువు వెచ్చదనం సీజను సగం దాకా వచ్చింది. తర్వాత ఒకరోజు సరంగు గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా, మీ మొసలి పైకొస్తే పళ్ళు టకటకమంటున్నాయి. ఇంజనే కొట్టుకుంటోందనుకుని ఆయిలు చూశాను," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, కాసేపు అక్కడే నిలబడి వెళ్ళాడు.

అన్న రాగానే ఆమె సూటు విప్పనివ్వలేదు. చంక కింద చెయ్యి పెట్టి చూసింది. అతుక్కుని ఉండాల్సిన రబ్బరు పిడికెడు ముడతగా చేతికొచ్చింది. తానే కుట్టిన సూటు. టేపు తీసి ఛాతీ చుట్టూ పట్టింది. ఒకసారి చూసి, మళ్ళీ పట్టింది.

"నీ టేపు సాగిపోయిందే," అన్నాడు అన్న.

నిజమే, సాగిన టేపు తక్కువే చూపిస్తుంది. ఆ మాటకు ఆమెకు ఎక్కడలేని ఆశ పుట్టింది. కోతబల్ల అంచుకు ఇనుపస్కేలు దిగ్గొట్టి ఉంది. టేపును దాని పక్కన పరిచింది. గీతకు గీత సరిపోయింది. నూలుపోగంత తేడా లేదు.

"టేపు బాగానే ఉందన్నయ్యా."

"అయితే సూటు..."

"సూటూ బాగానే ఉంది. ఇంతకన్నా మందం వేసినా లాభం లేదు. లోపల నువ్వు తగ్గిపోతున్నావు."

అతను బల్ల మీద కూర్చుని, కాళ్ళ దగ్గర చేరిన నీళ్ళను పాదంతో పక్కకు నెట్టాడు. "మీ వదినకి చెప్పకు," అన్నాడు.

ఆమె తిన్నగా వదిన దగ్గరికే వెళ్ళింది. వదిన అప్పుడే ఆరిన బట్టలు మడతపెడుతోంది. అంతా విని, చేతిలో ఉన్న చొక్కాను విప్పి, భుజాలు పట్టుకుని ఎదురుగా చాపింది.

"ఉతికి ఉతికి సాగిపోయాయనుకున్నానమ్మా," అంది.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ చూసిన డాక్టరు, కాస్త ముందే రావాల్సిందన్నాడు. ఎంత ముందని వదిన అడిగింది. ఆయన కాగితాలు మడిచి కవర్లో పెట్టాడు. వదిన పక్కన కూర్చున్న చెల్లెమ్మకు తను లోపలి ముక్క కుట్టిన సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు సరంగు అతన్ని దుప్పటి అని వెక్కిరించి ఉంటే, రేవంతా నవ్వి ఉంటే, ఎవరో ఒకరు ‘మొసలికి చలేమిటి?’ అని అడిగి ఉండేవారు. అలా అడగడానికి వీల్లేకుండా కుట్టింది తనే.

ఇంటికొచ్చాక అన్నకు చలి ఇంకా పెరిగింది. కిటికీలు మూసినా, ఫ్యాను ఆపినా అంతే. దుప్పటి కప్పితే ఎముకల మీద బరువంటాడు. తీస్తే వణుకుతాడు.

చెల్లెమ్మ వెనకగదికి వెళ్ళి సూట్లన్నీ చేత్తో తడిమి చూసింది. ఐదు బరువు. మూడు కూడా బరువే అవుతుందేమో. చివరికి చిన్నపిల్లలు ఒడ్డున ఆడుకునేటప్పుడు తొడిగే పలచటి రెండు మిల్లీమీటర్ల సూటు తీసింది. దానికి లోపల మెత్తటి గుడ్డ వేసి, అన్నకు చేతులు లేని చొక్కాలాంటిది కోసింది. ఇంట్లో ఎవరికి చొక్కా కోసినా ఆమె వేలెడు వదులు ఉంచేది, సెలవుల్లో తిని లావెక్కుతారని. ఈసారి సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఇవాళ్టి కొలతకు కోస్తే ఇవాళ్టికే సరిపోతుంది. వారం తిరిగేసరికి వదులై చలి దూరుతుంది. అందుకని రెండు పక్కలా కన్నాలు వేసి తాడు ఎక్కించింది, ఎప్పటికప్పుడు బిగించుకోవచ్చని.

తొడిగిన కాసేపటికి అన్న భుజాలు కిందికి దిగాయి. "వెచ్చగా ఉందే," అన్నాడు ఆశ్చర్యంగా.

చూడ్డానికొచ్చిన సరంగు మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు.

"ఏరా, అనవేం? దుప్పటి అను," అన్నాడు అన్న.

"దుప్పటేమిట్రా? రెండు మిల్లీమీటర్లేగా! నేను చూసిన గైడుల్లో ఇంత పలచన తొడిగినవాడు లేడు," అన్నాడు సరంగు. వెంటనే లేచి, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అక్కడ నీళ్ళు వంచుకున్న చప్పుడేమీ వినిపించలేదు.

ఆ వారం తిరక్కుండానే ఒక పొద్దున చెల్లెమ్మ అన్న పక్కన కూర్చుని చంక కింద చెయ్యి పెట్టి చూసింది. అతను కళ్ళు మూసుకునే, "నీళ్ళొస్తున్నాయా?" అన్నాడు.

"కొంచెం," అంది ఆమె. తాడు ఊడదీసి, తర్వాతి కన్నంలోంచి లాగి, నెమ్మదిగా బిగించింది.