అత్త బంతి కుడికే ఎందుకు పోతుంది

మా అత్త కొట్టిన బంతి తిన్నగానే బయల్దేరుతుంది. సగం దూరం పోయాక, ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు కుడివైపుకు తిరుగుతుంది. రోజూ ఇదే వరస.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. మాతోనే ఉంటుంది. గోల్ఫ్ నేర్పే మైదానంలో బంతులు ఏరి, కడిగి, ఆరబెట్టే పని ఆమెది. బడి అయ్యాక నేనూ అక్కడికి వెళ్తాను. స్టిక్ దెబ్బకు గడ్డి లేచిపోయిన చోటల్లా ఇసుక పోస్తాను. నేను మాట్లాడితే పక్కనున్నవాళ్ళకు కూడా వినపడదని అత్త నాకు గుసగుస అని పేరు పెట్టింది. ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తున్నారు.

కొత్తవాళ్ళకు నేర్పడానికి ఒక మనిషి కావాలని పెద్ద కోచ్ అన్నారు. సాయంత్రాలు అందరూ వెళ్ళాక అత్త బంతులు కొట్టుకోవడం ఆయన చూస్తూనే ఉన్నారు.

"ఆదివారం పొద్దున నువ్వు రా అమ్మా, చూద్దాం" అన్నారు. "తిన్నగా ఒకటి కొట్టాలి. ఎడమ నుంచి కుడికి వంగేట్టు ఒకటి, కుడి నుంచి ఎడమకు వంగేట్టు ఒకటి. వంపు నీ చేతిలో ఉంటేనే ఇంకొకళ్ళ వంపు సరిచెయ్యగలవు."

ఇంటికి వస్తూ అత్త నాతో అంది, "కుడికి వంగడం నాకు పుట్టుకతోనే వచ్చింది. ఇక మిగిలినవి రెండే." నవ్వింది కానీ కొంత దూరం పోయాక మళ్ళీ అంది, "ఇన్నేళ్ళూ బంతులు పడే వైపే నిలబడ్డానే గుసగుసా. కొట్టే వైపు నిలబడాలని ఉంది."

బంతి ఎందుకు వంగుతుందో పెద్ద కోచ్ అత్తకు చెబుతుంటే నేను ఇసుక బకెట్ పక్కన కూర్చుని విన్నాను. బంతి ఒంటినిండా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. అది వెనక్కి గిర్రున తిరుగుతూ ఎగురుతుంది కాబట్టి గాలి దాన్ని పైకి లేపుతుంది. ఆ తిరుగుడు ఒక పక్కకు ఒరిగితే బంతి కూడా ఆ పక్కకే పోతుంది. స్టిక్ ముఖం, అంటే బంతికి తగిలే పలక, ఎటు చూస్తే బంతి దాదాపు అటే బయల్దేరుతుంది. ముఖం ఒక వైపు చూస్తూ, స్టిక్ నడిచే దారి ఇంకో వైపు ఉంటే తిరుగుడు ఒరుగుతుంది.

"నీ స్టిక్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తోంది" అన్నారు ఆయన. "నీ వెనక నుంచి రావాలి."

"తెలుసు సార్. చెయ్యి వినడం లేదు."

బంతి కుడికి పోతోంది కదా అని అత్త ఎడమకు తిరిగి నిలబడేది. అప్పుడు ఇంకా కుడికి పోయేది. ఎడమకు తిరిగినకొద్దీ స్టిక్ దారి ఎడమకు పోతుంది, ముఖం మాత్రం దూరంగా గురికి పాతిన జెండా వైపే చూస్తుంది. రెండింటికీ మధ్య దూరం పెరుగుతుంది. గడ్డిలో నాకది కనిపించేది. మిగతావాళ్ళు లేపిన గడ్డి గుర్తులు జెండా వైపు తిన్నగా ఉండేవి. అత్తవి ఎడమకు ఏటవాలుగా ఉండేవి. వాటిలో ఇసుక పోస్తూ, అడగకుండానే ఏవి అత్తవో చెప్పేసేదాన్ని.

గురువారం సాయంత్రం వంటింట్లో నానమ్మకు కూరగాయలు తరిగి ఇస్తున్నాను. బయట ఇంటి పక్క సందులో అత్త బంతి లేకుండా స్టిక్ ఊపుతోంది. ఆమెకు ఇంటి దగ్గర ఉన్న చోటు అదొక్కటే. వంటింటి కిటికీ అద్దాల రెక్క సందులోకి తెరుచుకుంటుంది. అత్త నిలబడేది సరిగ్గా దాని ముందు.

"ఓ ఛాంపియనూ, అద్దం జాగ్రత్త" అని నానమ్మ పొయ్యి దగ్గర నుంచే కేకేసింది. "ఒకసారి పగలగొట్టావు. ఈసారి పగిలేది నీ వీపే."

"తగలనివ్వను లేవే అమ్మా" అంది అత్త.

అప్పుడు చూశాను. స్టిక్ వీపు వెనక్కి తిరగాల్సిన చోట కిటికీ రెక్క ఉంది. అత్త స్టిక్కును దాని పక్కనుంచి తప్పించి నిటారుగా పైకెత్తి, బయటి నుంచి దింపుతోంది. ఆలోచించకుండానే. ఇన్నేళ్ళుగా నేర్చుకున్నది బంతి కొట్టడం ఒక్కటే కాదు, అద్దం కాపాడటం కూడా.

అత్తకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆదివారానికి అంత దగ్గర్లో నేను కోచ్‌లా మాట్లాడితే బాగుంటుందా అనిపించింది. నానమ్మకు చెప్పడం తేలిక.

"నానమ్మా, కిటికీ వేసేద్దామా?"

"ఎందుకే? పొగలో నన్ను ఉడకబెడతావా?"

మెల్లగా అంతా చెప్పాను. నానమ్మ గరిటె పక్కన పెట్టి సందులోకి చూసింది. అత్త ఒకసారి ఊపేదాకా ఆగింది. అత్త నీళ్ళు తాగడానికి అవతలికి వెళ్ళగానే రెక్క లోపలికి లాగి గడియ పెట్టింది.

తిరిగొచ్చిన అత్త బయటి నుంచి అడిగింది, "కిటికీ వేశావేం?"

"దోమలు" అంది నానమ్మ.

శుక్రవారం, శనివారం కూడా అలాగే మూసి వండింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, నన్ను మాత్రం అవతలి గదిలోకి తరిమింది. నేను సందు చివర నిలబడి చూశాను. రెక్క లేదు. అయినా అత్త స్టిక్ ఆ లేని రెక్కను తప్పించుకుంటూనే పైకి లేస్తోంది.

ఆదివారం పొద్దున మైదానంలో మేము ముగ్గురమే. అత్త ఏడు నంబర్ స్టిక్ తీసుకుంది. కుడికి వంగే బంతిని చక్కగా కొట్టింది. తిన్నగా కొట్టాల్సింది చివర్లో కొంచెం ఒరిగినా పెద్ద కోచ్ తల ఊపారు. మూడోది ఎడమకు వంగాలి. అత్త కొంచెం కుడికి తిరిగి నిలబడింది. కొట్టింది. బంతి కుడికి బయల్దేరి, ఇంకా కుడికి పోయి, కంచె దగ్గర పడింది.

"ఇంకొకటి కొట్టు" అన్నారు ఆయన.

అత్త ఇంకో బంతి పెట్టుకుంది. ఇది కూడా అటే పోతే మళ్ళీ బుట్ట పట్టుకుని ఆ బంతి కోసమే నడవాలి.

"ఇక్కడ కిటికీ లేదత్తా" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఏమన్నావే?"

"వంటింటి కిటికీ. నువ్వు దాన్ని తప్పించి ఎత్తుతున్నావు. ఇక్కడ లేదు. వెనక్కి తిప్పొచ్చు."

అత్త తల తిప్పి వెనక్కి చూసింది. గడ్డి, నా బకెట్, అంతే. స్టిక్కును నెమ్మదిగా వీపు వెనక్కి తీసుకెళ్ళింది. ఎప్పుడూ ఆగే చోట ఆగింది. తర్వాత భయం భయంగా ఇంకొంచెం జరిపింది. దేనికీ తగల్లేదు. మళ్ళీ ఒకసారి అలాగే చేసింది.

"దోమలట" అని తనలో తను అనుకుంది. నవ్వబోయి ఆగి, ముక్కు తుడుచుకుంది.

కొట్టింది. బంతి కుడికి బయల్దేరింది. పైన కాసేపు ఎటూ తేల్చుకోనట్టు వెళ్ళి, దిగేటప్పుడు ఎడమకు వాలింది. చాలా కొంచెమే. జెండాకు బాగా ఇవతలే పడింది.

పెద్ద కోచ్ దాన్నే చూస్తూ, "ఆ కిటికీ సంగతేమిటి?" అని అడిగారు. అత్త చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వారు. "నేను నీ చేతినే తిట్టుకున్నాను" అన్నారు. తర్వాత, "వంపు ఇంకా రావాలి. రోజూ ఇక్కడే కొట్టు, సందులో వద్దు. రేపు పొద్దున కొత్తవాళ్ళు వస్తారు, వాళ్ళను నువ్వు చూసుకో" అన్నారు.

ఇంటికి రాగానే అత్త వంటింట్లోకి వెళ్ళి గడియ తీసి కిటికీ రెక్కను సందులోకి బార్లా తోసింది. నానమ్మ కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"దోమలు పోయాయి లేవే అమ్మా."

"పని వచ్చిందా?"

"వచ్చింది."

"మరి బంతులెవరు ఏరతారు?"

"నేనే. పొద్దున నేర్పడం, సాయంత్రం ఏరడం."

"అయితే కడుపు నిండా తిను" అని నానమ్మ కంచం పెట్టింది.

మర్నాడు బడికి వెళ్తూ కంచె దగ్గర కాసేపు ఆగాను. కొత్తగా వచ్చిన ఒకావిడ బంతి మళ్ళీ మళ్ళీ కుడికే పోతోంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. అత్త తన బంతుల బుట్ట కింద పెట్టి, ఆవిడ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది.

"ఇంట్లో ఎక్కడ నిలబడి ఊపుతారమ్మా మీరు?"