నా కొడుకు చేతులు

మిలిటరీ నుంచి నా కొడుకు నాగభూషణ ప్రాణాలతో తిరిగొచ్చినప్పుడు, ఇక భయపడే పని లేదనుకున్నాను. కానీ ధర్మవరం చుట్టుపక్కల ఎవరు బావిలో పడి చనిపోయినా, శవాన్ని పైకి తేవడానికి వాడినే పిలుస్తారు. సైన్యంలో నేర్చిన పని, ఊరికే చేస్తాడు. ఫోను మోగితే చాలు, ఈసారి తాడు తెగుతుందేమోనని వాడు తిరిగొచ్చేదాకా వాకిట్లోనే కూర్చుంటాను.

తాడిమర్రిలో ఉండే మా అన్న ఈరన్న, తన కూతురు అమృతను వాడికే ఇస్తానని చిన్నప్పటి నుంచి చెప్పేవాడు. మొన్న ఉగాదికి అడిగితే ముఖం తిప్పుకున్నాడు.

"శవాలు మోసే చేతుల్లో నా బిడ్డనెట్ల పెట్టేదమ్మా?"

నిన్న పొద్దున ఆ అన్నే ఏడుస్తూ ఫోను చేశాడు. మోటారు వేయబోయి మా వదిన బావిలో జారిపడి చనిపోయింది.

"పోవద్దు నాయనా, ఆ బాయి గట్లు కూలతాండాయి," అన్నాను.

"అత్త ఆడ ఒంటిగా ఉండాదమ్మా," అని తాడు భుజాన వేసుకున్నాడు.

నేనూ వెంట వెళ్లాను. వాడు వదినను వీపుకు కట్టుకుని పైకి తెచ్చాడు. అందరూ ఆమె మీద పడి ఏడ్చారు. ఓదార్చబోయి వాడు ఒక్క అడుగు వేస్తే, అమృత చున్నీ లాక్కుని వెనక్కి జరిగింది. అన్న టీ గ్లాసు చేతికివ్వలేదు, బండ మీద పెట్టాడు.

"తీసుకో అల్లుడా."

వాడు తాగలేదు. బావి నీళ్లకు తడిసిన బట్టల్లో వణుకుతున్నాడు. కొంగుతో తల తుడవబోయాను.

"నన్ను తాకొద్దమ్మా."

అంత్యక్రియలయ్యాక, తిరుగు బస్సులో వెనక సీట్లో ఒంటరిగా కూర్చున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, లేచి ధర్మవరం దాకా నిలబడే వచ్చాడు.