వంతెన కింది ముఖాలు

రాజధానిలో నది మీదున్న వంతెనలన్నిటిలోకి పాతదాని మీద ఆయన ఉద్యోగమంతా బస్సు నడిపాడు. నిద్రలో లేపి అడిగినా ఏ దీపస్తంభం దగ్గర రోడ్డు కుంగిందో చెప్పేవాడు. ఆ వంతెన చూడ్డానికెలా ఉంటుందని భార్య అడిగితే మాత్రం, "ఎలా ఉంటుంది? ముందు వెళ్లే బస్సు వీపులా ఉంటుంది" అనేవాడు.

ఆవిడ ఇంట్లో కూర్చుని కిటికీ తెరలు కుట్టేది. ఊళ్లో సగం కిటికీలకు తెరలు కుట్టిందే గానీ ఊరు చూసింది లేదు. ఆయన రిటైరవగానే పట్టుబట్టింది.

"ఇక డ్యూటీ వంక లేదుగా. పదండి, పడవెక్కి చూద్దాం."

పడవ వంతెన దగ్గరికి వెళ్లేసరికి చల్లగా నీడ కమ్మింది. ఆవిడ తలెత్తి చూసి ఆయన మోచెయ్యి గిల్లింది.

"ఏవండీ, పైనుంచి ఎవరో చూస్తున్నారు!"

ప్రతి కమాను నడినెత్తినా ఒక రాతి ముఖం ఉంది. ఒకాయన బుగ్గలు పూరించాడు. ఇంకొకాయనకు పన్నునొప్పి కాబోలు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతోంది. చివరి కమానుకు మాత్రం ముఖం లేదు. పరంజా కట్టి ఉంది, దాని వెనక ఖాళీ గూడు.

"ఎవరు వీళ్లంతా?" అని పడవవాణ్ని అడిగింది.

"రాజుగారి చుట్టాలంటారమ్మా. కాదు, నదిలో మునిగినవాళ్లని ఇంకొందరంటారు. నేనైతే అడిగేవాళ్లను బట్టి చెబుతుంటా."

"మరి నాకేం చెబుతావు?"

"తెలీదనే చెబుతా. మీరు వదిలేలా లేరు."

వదల్లేదు. ఒడ్డు దిగగానే ఉలి చప్పుడు వినిపించిన వైపు నడిచింది. కాళ్లు నొప్పులని గొణుగుతూ ఆయనా వెనకే వెళ్లాడు. రేకుల షెడ్డులో ఒక శిల్పి, వాళ్లకు కూతురయ్యే వయసున్న పిల్ల, కనుబొమల దాకా రాతిపొడితో పని చేసుకుంటోంది.

"వంతెన కట్టినవాళ్లేనమ్మా," అంది ఆ పిల్ల, ముఖాల సంగతి అడిగితే. "రాళ్లు కొట్టినవాళ్లు, సున్నం కలిపినవాళ్లు, వాళ్లకు వంట చేసినావిడ. వంతెన మీద వెళ్లే పెద్దవాళ్లకు కనబడరుగా, అందుకే పనివాళ్ల ముఖాలని ఎవరూ అడ్డు చెప్పలేదేమో."

"ఆ ఖాళీ చోటో?"

"అది అరిగి రాలిపోయింది. ఎవరిదో ఆనవాలు లేదు. కొత్తది చెక్కమన్నారు గానీ ఎవరి ముఖమో చెప్పలేదు. తల పట్టుకు కూర్చున్నా." అంటూనే ఆవిడ వైపు కన్నార్పకుండా చూసింది. "పిన్నీ, ఇప్పుడడిగారే, అదే మొహంతో కాసేపు కూర్చుంటారా?"

"నేనా! పైన బస్సు నడిపింది ఈయన. ఈయన్ని చెక్కమ్మా."

ఆయన అప్పటికే కాలరు సర్దుకున్నాడు. ఆ పిల్ల పరీక్షగా చూసి మొహమాటపడింది.

"బాబాయ్, మీరింకా బస్సులోనే ఉన్నట్టున్నారు."

ఆయన కాలరు వదిలేసి ఇంటిదారి పట్టాడు. మర్నాడు మాత్రం ఆవిడకంటే ముందే తయారై, షెడ్డులో ఆవిడ కూర్చోవడానికి ఇంట్లోంచి మెత్తటి దిండు పట్టుకొచ్చాడు.

రాయిని పైకెత్తిన రోజు ఇద్దరూ ఒడ్డున నిలబడ్డారు.

"నా ముక్కు మరీ అంత లావా?"

"దూరానికి కనబడొద్దూ?" అన్నాడాయన.

రాయి గూట్లో కూర్చోగానే ఆయనకు ఎక్కడలేని హుషారొచ్చింది. దారినపోయే వాళ్లనందరినీ ఆపి, "అదిగో, మా ఆవిడ" అని చూపించడం మొదలుపెట్టాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయి, చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కుపోయింది. కాస్త దూరం వెళ్లాక గడియారపు స్తంభం కింద ఆగి, మెడ పైకెత్తింది.

"ఏవండీ, దీనికి కీ ఎవరిస్తారంటారు?"

"నాకేం తెలుసు?"

"అయితే పదండి, తలుపెక్కడుందో చూద్దాం."