పన్నెండుమందీ ఒక్క మాట

కానిస్టేబుల్ కర్ర క్వేకర్ల ఆడమనిషి డామరిస్ పెల్ భుజం మీద పడటం జోసయా థోర్న్ తన తోళ్ల దుకాణం గుమ్మంలోంచి కళ్లారా చూశాడు. ఇంగ్లండులోని కోల్చెస్టర్‌లో, సర్కారు చర్చిని కాదని విడిగా మౌనంగా ప్రార్థించే క్వేకర్ల ప్రార్థన ఇంటి తలుపుకి సర్కారు మేకులు కొట్టించింది. ఆ నేతగాళ్లూ వాళ్ల ఆడవాళ్లూ వీధిలోనే నోరు మెదపకుండా నిలబడి ప్రార్థన చేసుకున్నారు. దానికే దెబ్బలు. దానికే జైలు.

జోసయాకు వాళ్లంటే గిట్టదు. ఎంత పెద్దవాడు ఎదురైనా టోపీ తియ్యరు. అంత మౌనం వెనక ఏదో కుట్ర ఉండే ఉంటుందని అతని అనుమానం.

వాళ్ల మీద అల్లరిమూక కేసు పెట్టారు. నేరం తేల్చే పన్నెండుమంది ఊరివాళ్ల జ్యూరీలో జోసయాను వేశారు. ఎవరి ప్రోద్బలంతో గుంపు కట్టావని జడ్జి డామరిస్‌ను గద్దించాడు.

"ఊరికే నిలబడ్డాం. అది ఏ చట్టంలో అల్లరో నువ్వే చదివి చెప్పు," అంది డామరిస్.

జడ్జి చట్టం చదవలేదు. ఆమెను బయటికి ఈడ్పించి, నేరస్థులని తేల్చుకురండని జ్యూరీని లోపలికి తోలాడు.

తలుపు మూశాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవడు అమ్ముడుపోయాడు? ఎవడు మాటలు మోస్తాడు? జోసయా కళ్లు ఆంబ్రోస్ లిడ్గేట్ మీదే ఉన్నాయి. సిపాయిలకు రొట్టెలు చేసి పంపేది అతనే. నేరమనేసి ఇళ్లకు పోదామని మొదట అన్నదీ అతనే.

జోసయా తను చూసింది చెప్పాడు. గుంపులో ఒక్కడి చేతిలోనూ రాయి లేదు, కర్ర ఉన్నది సర్కారు చేతిలోనే.

"ఎప్పుడు క్వేకరువయ్యావయ్యా?" అని ఎగతాళి చేశాడు ఆంబ్రోస్.

"కాలేదు. రేపు నా దుకాణం ముందు నలుగురు నిలబడితే అదీ అల్లరే అంటారు."

ఒక్కొక్కరే అటు మొగ్గారు. చివరికి ఆంబ్రోస్ కూడా ఎవరి వైపూ చూడకుండా సరేనన్నాడు. జోసయా నమ్మలేదు.

నిర్దోషులన్న మాట జడ్జికి మింగుడుపడలేదు. తిండీ నీళ్లూ నిప్పూ లేకుండా మళ్లీ గదిలో పెట్టి తాళం వేయించాడు. మర్నాడు బయటికి రప్పించి, జ్యూరీని ఎగదోసినవాడి పేరు చెబితే చెప్పినవాణ్ణి ఇంటికి పంపుతానన్నాడు.

ఆంబ్రోస్ ముందుకు నడిచాడు. తన పేరే చెబుతాడనుకున్నాడు జోసయా.

"నేరమని మొదట అన్నది నేనేనండి, భయపడి," అన్నాడు ఆంబ్రోస్. "మీరు పస్తు పెట్టాక ఆ భయం పోయింది. పేరు కావాలంటే నాది రాసుకోండి."

మిగతావాళ్లంతా జరిగి అతని పక్కన నిలబడ్డారు. అందరినీ జైలుకు పంపారు.

జైలు గడ్డిలో కూర్చున్నాక కూడా జోసయా ఉండబట్టలేక అడిగాడు, మాటలు మోయడానికి నిన్నెవరూ మా మధ్యకి పంపలేదు కదా అని.

"అనుమానం మానకు," అన్నాడు ఆంబ్రోస్. "కానీ మనలో మనకొద్దు. మనల్ని ఇక్కడ పెట్టినవాళ్ల మీద పెట్టుకో."

తర్వాతి విచారణకు కొత్త జ్యూరీని పిలిచారు. మొదటివాడు చేపలమ్మే నథానియల్ క్రో. చర్చికి తప్పకుండా పోయే మనిషి, క్వేకర్ల పేరెత్తితే తిట్టేవాడు. బైబిలు అందిస్తే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. జైల్లో ఉన్న పన్నెండుమందినీ వదిలాకే ప్రమాణం అన్నాడు. రెండోవాణ్ణి పిలిచారు. వాడి చేతులూ వెనకే ఉన్నాయి.

ఆ రోజు కోల్చెస్టర్‌లో కోర్టు నడవలేదు.